రాజ్యానికి మతం వద్దు: మతసహనంపై నాస్తికుల మాట
(ఉపన్యాస పాఠం)



నాస్తికులను బౌద్ధుల సభకు పిలవడం కొందరికి వింతగా తోచవచ్చును. సృష్టికర్త ఒకడున్నాడన్న మాటను మీరు అంగీకరించరు, మేమూ అంగీకరించము. అంతవరకు మనం ఇరుగుపొరుగువారమే. కర్మ, పునర్జన్మ, నిర్వాణం అన్న చోట మన దారులు చీలుతున్నవి. ఆ భేదాన్ని దాచి మాట్లాడడం మీపట్ల గౌరవం అనిపించుకోదు. ఇంత భేదం ఉన్నా ఒకే పందిరి కింద కూర్చుని మాట్లాడుకోగలుగుతున్నాము. ఈ వీలు మనకు ఎవరి దయవల్ల వచ్చినది, ఎంతకాలం నిలుస్తుంది అన్నదే ఈనాటి మా విషయం.

మతసహనం అన్న మాటను అందరూ మెచ్చుకుంటారు. కాని సహించడమంటే ఓర్చుకోవడమే గదా! ఓర్చుకునేవాడు పైమెట్టు మీద ఉంటాడు, ఆ ఓర్పుకు పాత్రుడైనవాడు కిందిమెట్టు మీద ఉంటాడు. ఇంటి యజమాని మనసు మారితే అద్దెకున్నవాడు మూటాముల్లె సర్దుకోవలసినదే. శతాబ్దాల తరబడి ఊరి వెలుపల ఉంచబడిన ప్రజలకు ఈ సంగతి విడమరచి చెప్పనక్కరలేదు.

మన నేల మీది ఉదాహరణనే తీసుకొందాము. క్రీస్తుశకం మూడవ శతాబ్దంలో విజయపురిని ఏలిన ఇక్ష్వాకు రాజు శాంతమూలుడు అశ్వమేధం చేసిన వైదిక మతస్థుడు. ఆయన సోదరి శాంతిశ్రీ నాగార్జునకొండ మహాచైత్యానికి మహాదాత. ఒకే రాజకుటుంబంలో యజ్ఞమూ చైత్యమూ రెండూ వర్ధిల్లినవి. చూడముచ్చటైన దృశ్యమే. కాని ఆ వంశం అస్తమించగానే ఆ విహారాల వైభవం కూడా తరిగిపోయినది. రాజాశ్రయంతో పెరిగినదానికి రాజాశ్రయం పోయిననాడు దిక్కెవరు? ఆనాటి సహనం పాలకుల గుణం. ప్రజల చేతిలోని హక్కు కాదు.

అశోకుని మాట ఎత్తకుండా ఈ ప్రసంగం సాగదు. కర్నూలు జిల్లా ఎర్రగుడి బండల మీద కూడా ఆయన శాసనాలున్నవి. పన్నెండవ శిలాశాసనంలో ఆయన అన్ని సంప్రదాయాలవారినీ గౌరవించుమన్నాడు. స్వమతాన్ని అతిగా పొగడి పరమతాన్ని దూషించేవాడు తన మతానికే హాని చేస్తున్నాడని హెచ్చరించినాడు. మాటలో నిగ్రహం పాటించుమన్నాడు. ఇరవైరెండు శతాబ్దాలు దాటినా ఆ బోధ పాతబడలేదు. అయితే అదే అశోకుడు సారనాథ్, సాంచి, కౌశాంబి శాసనాలలో, సంఘంలో చీలిక తెచ్చే భిక్షువుకు గాని భిక్షుణికి గాని తెల్లబట్టలు కట్టించి విహారం నుంచి పంపివేయవలసినదని ఆజ్ఞాపించినాడు. సంఘంలో ఏది ఐక్యత, ఏది చీలిక అన్నది తేల్చవలసినది సంఘమా, సామ్రాజ్యమా? అంతటి ధర్మాత్ముడు సింహాసనం మీద ఉన్నప్పుడే రాజ్యం విహారపు గడప దాటి లోపలికి వచ్చినది. అంతకు తక్కువవారు ఉన్నప్పుడు ఏమగునో ఊహించుకొనవచ్చును.

ఊహతో పని లేకుండా ఇరుగుపొరుగు దేశాల అనుభవమే చెబుతున్నది. శ్రీలంక 1972 రాజ్యాంగం, దాని తరువాత 1978 రాజ్యాంగం బౌద్ధానికి అగ్రస్థానమిచ్చి, దానిని రక్షించి పోషించడం రాజ్యం విధి అన్నవి. ఇతర మతాలవారి హక్కులకు హామీ ఉన్నదని కూడా వ్రాసుకున్నవి. అయినా 2003లో ఒక క్రైస్తవ సన్యాసినుల సంఘానికి చట్టబద్ధమైన గుర్తింపునిచ్చే బిల్లు ఆ దేశపు సుప్రీంకోర్టు ముందుకు వచ్చినప్పుడు, అది రాజ్యాంగానికి విరుద్ధమని తీర్పు వచ్చినది. అందుకు చూపిన కారణాలలో బౌద్ధపు అగ్రస్థానం కూడా ఒకటి. బర్మాలో ప్రధాని ఊ నూ 1961లో బౌద్ధాన్ని రాజ్యమతం చేసినాడు. మరుసటి ఏడే సైన్యం అధికారం చేజిక్కించుకున్నది. అదే మయన్మార్‌లో 2015లో వచ్చిన చట్టం ప్రకారం మతం మారదలచినవారు స్థానిక బోర్డుకు దరఖాస్తు పెట్టుకోవాలి, దాని ప్రశ్నలకు బదులు చెప్పాలి, అనుమతిపత్రం పొందాలి.

ఇక మన దేశం వైపు చూడండి. 2024 ఏప్రిల్‌లో గుజరాత్ ప్రభుత్వం ఒక సర్క్యులర్ జారీ చేసినది. బౌద్ధం వేరే మతమనీ, హిందూమతం నుంచి బౌద్ధానికి మారేవారు 2003 నాటి చట్టం ప్రకారం జిల్లా మేజిస్ట్రేటు ముందస్తు అనుమతి తీసుకోవాలనీ దాని సారాంశం. మయన్మార్‌లో బోర్డు అడిగే ప్రశ్నకు, గుజరాత్‌లో మేజిస్ట్రేటు అడిగే ప్రశ్నకు తేడా ఎంత? అక్కడ బౌద్ధులు అధిక సంఖ్యాకులు, ఇక్కడ అల్పసంఖ్యాకులు. రెండుచోట్లా మనిషి అంతరాత్మ ఆఫీసు బల్ల ముందు వరుసలో నిలబడవలసి వచ్చినది. 1956 అక్టోబరు 14న నాగపూర్‌లో బాబాసాహెబ్ అంబేడ్కర్‌తో పాటు లక్షలాది జనం దీక్ష తీసుకున్నారు. ఆనాడు ఒక్కొక్కరూ అనుమతిపత్రం కోసం ఎదురుచూడవలసి వచ్చి ఉంటే ఆ దినం చరిత్రలో ఉండేదా?

మన రాజ్యాంగ నిర్మాతలకు ఈ ప్రమాదం తెలియకపోలేదు. 1949 అక్టోబరు 17న రాజ్యాంగ సభలో హెచ్.వి. కామత్ ఒక సవరణ తెచ్చినారు. పీఠిక ‘దేవుని పేరిట’ అన్న మాటతో మొదలు కావాలని ఆయన కోరిక. ఆ సభలో అత్యధికులు ఆస్తికులే. అయినా ఓటింగు జరిగినప్పుడు అనుకూలంగా 41, వ్యతిరేకంగా 68 ఓట్లు వచ్చినవి, సవరణ వీగిపోయినది. దేవుని నమ్మడం, నమ్మకపోవడం మనిషి స్వేచ్ఛకు సంబంధించినదని ఆనాడు వాదించినవారిలో స్వయంగా దైవభక్తులైన పట్టం థాను పిళ్లై ఉన్నారు. ‘లౌకిక’ అన్న పదం 1976లో 42వ సవరణతో పీఠికలో చేరిన మాట నిజమే. కాని దానికి పునాది ఆ 68 చేతులు ఎత్తిన నాడే పడినదని మేము భావిస్తున్నాము.

మూడవ షెడ్యూలులోని ప్రమాణపాఠాలను చూడండి. దేవుని పేరిట ప్రమాణం చేయవచ్చును, లేదా దేవుని ప్రసక్తి లేకుండా మనస్సాక్షిగా ప్రతిజ్ఞ చేయవచ్చును. ఆ రెండవ మార్గం నాస్తికుల కోసం పెట్టినదని లోకం అనుకుంటుంది. సృష్టికర్తను ఒప్పుకోని బౌద్ధుడు కూడా ఆ ద్వారం గుండానే గౌరవంగా లోపలికి వెళ్లగలడు. నమ్మనివాడి కోసం తెరచిన తలుపు, వేరుగా నమ్మేవాడికి కూడా దారి ఇస్తుంది. మా హక్కు, మీ హక్కు ఒకే దూలం మీద నిలబడి ఉన్నవని మేము అనడానికి ఇదే ఆధారం.

ఒక సందేహం రావచ్చును. రాజ్యం మతాన్ని తాకనే కూడదంటే అంటరానితనాన్ని తాకేదెవరు? అమెరికా 1791లో చేసుకున్న మొదటి సవరణ ఆ దేశ చరిత్ర నుంచి పుట్టినది. మన చరిత్ర వేరు. ఇక్కడ గుడి తలుపు మూసినవారు మతం పేరు చెప్పే మూసినారు. కనుకనే 17వ అధికరణం అస్పృశ్యతను రద్దు చేసినది. 25వ అధికరణం హిందూ దేవాలయాలను అన్ని వర్గాలకూ తెరిపించే అధికారాన్ని రాజ్యానికి ఇచ్చినది. పుట్టుక నుంచి చావు వరకు జీవితంలోని ప్రతి అంశాన్నీ ఈ దేశంలో మతం ఆక్రమించుకున్నదనీ, మతానికి హద్దు గీయకపోతే సంస్కరణ అసాధ్యమనీ అంబేడ్కర్ 1948 డిసెంబరు 2న సభలో స్పష్టం చేసినారు. మనిషిని మనిషి అణచే చోట రాజ్యం రావాలి. మనిషి తన మనసులో తాను నిర్ణయించుకునే చోట రాజ్యం ఆగాలి. మేము కోరే హద్దు ఇది.

మా వైపు నుంచి కూడా ఒక మాట చెప్పాలి. అల్బేనియా 1967లో మసీదులను, చర్చీలను మూసివేయించి నాస్తిక రాజ్యమని చాటుకున్నది. అటువంటి రాజ్యం మాకు అక్కరలేదు. లాఠీ చూపించి దేవుణ్ణి నమ్మించడం ఎంత అన్యాయమో, లాఠీ చూపించి మాన్పించడమూ అంతే అన్యాయం. గోరా 1940లో ముదునూరులో నాస్తిక కేంద్రం స్థాపించినప్పుడు ఆయన చేతిలో ఉన్నది వాదం, ఆచరణ మాత్రమే. మాకు అవి చాలును.

ఇక మీ ముందు మూడు విన్నపాలు.

మొదటిది: మతం మారడానికి ప్రభుత్వ అనుమతి కావాలనే చట్టాన్ని, అది ఎవరికి వర్తించినా వ్యతిరేకించండి. రేపు ఒక యువకుడు బౌద్ధాన్ని విడిచి చర్చికో, మసీదుకో, మా వంటి వారి వద్దకో వెళ్లదలచితే అతనికి కూడా అదే స్వేచ్ఛ ఉండాలి. లోపలికి రావడానికి ఉన్న తలుపే బయటికి వెళ్లడానికి కూడా ఉండాలి గదా!

రెండవది: 1950 ఆగస్టు 10 నాటి షెడ్యూల్డు కులాల ఉత్తర్వులోని మూడవ పేరాను మరువకండి. హిందువు కానివాడు షెడ్యూల్డు కులానికి చెందడని అది శాసించినది. 1956లో సిక్కులకు మినహాయింపు వచ్చినది. బౌద్ధులు 1990 వరకు వేచి ఉండవలసి వచ్చినది. నాగపూర్ దీక్ష నుంచి లెక్కిస్తే 34 ఏళ్లు! మతం మారినా ఊరు మారలేదు, వాడ మారలేదు, పిలిచే పిలుపు మారలేదు. కాగితం మీది హక్కు మాత్రం పోయినది. ఆ బాధ దళిత క్రైస్తవులకు, దళిత ముస్లింలకు నేటికీ ఉన్నది. వాటా తగ్గిపోతుందన్న భయం మీలో కొందరికి కలగవచ్చును. జనాభాకు తగినట్లు వాటాను పెంచుమని కలిసి అడగవచ్చును. ఫలానా మతంలో ఉంటేనే హక్కు అని రాజ్యం అనడాన్ని 34 ఏళ్లు అనుభవించినవారు, ఇతరుల విషయంలో మౌనం వహించడం న్యాయం కాదు.

మూడవది: మీ సంఖ్య పెరిగి, బలం పెరిగి, ఏనాడైనా ఏ పాలకుడైనా బౌద్ధానికి అగ్రస్థానం ఇస్తానంటే, వద్దని చెప్పగల ధైర్యాన్ని ఇప్పటినుంచే అలవరచుకోండి. తథాగతుడు రాజ్యాన్ని విడిచి వెళ్లినవాడు. ఆయన ధర్మానికి రాజ్యం కాపలా కాయవలసిన అవసరం లేదు.

మీ ధర్మం సత్యమని మీరు నమ్మితే అది చర్చలో నిలుస్తుంది. మా వాదం సత్యమని మేము నమ్మితే అదీ చర్చలోనే నిలవాలి. ఈ చర్చకు పోలీసు కాపలా అక్కరలేని దేశాన్ని మన పిల్లలకు అప్పగించుదాము.

జై భీమ్.