పీరీల పండుగ తెలిసిన మనకు ఇస్లాం ఎంత తెలుసు?



తెలంగాణ ఉద్యమంలో ముస్లింల గురించి నాలుగు మాటలు చెప్పుమని నిర్వాహక మిత్రులు అడిగిన్రు. అంతకన్నా ముందు అడగవలసిన ప్రశ్న ఇంకొకటి ఉన్నది. మన పక్కింటి మనిషి నమ్మే ఇస్లాం గురించి మనకు తెలిసిందెంత?

ఈ ప్రశ్న ఎందుకంటే, రాష్ట్రం రావద్దన్నోళ్లు చేసిన ప్రచారంలో ఒక మాట పదే పదే వినబడ్డది: “తెలంగాణ వస్తే మళ్లీ నిజాం పాలన, మళ్లీ రజాకార్లు.” శ్రీకృష్ణ కమిటీ నివేదికలో కూడా మత ఉద్రిక్తతలు పెరుగుతయన్న భయం కనిపిస్తది. దీనికి జవాబు చెప్పబోయి మనవాళ్లే కొందరు “మేం నిజాంను తరిమినోళ్లం, తురకోళ్లతో మాకేం సంబంధం” అని మెయిళ్లు పంపిన్రు. ఎదుటివాడు వేసిన గుంతలో మనమే పోయి పడుడు అంటే ఇదే. తెలంగాణ జనాభాలో నూటికి సుమారు పన్నెండు మంది ముస్లింలు. వాళ్లను అవతల నిలబెట్టి “నాలుగు కోట్ల ప్రజల ఆకాంక్ష” అనే హక్కు మనకు ఉండదు.

ముందుగాల మతం సంగతి. దేవుడు ఒక్కడే, ఆయనకు రూపం లేదు, ముహమ్మద్ ఆయన ప్రవక్త. ఇది పునాది. ముహమ్మద్‌ను ముస్లింలు దేవునిగా పూజించరు. ఈ నమ్మకానికి తోడు రోజుకు ఐదు పూటల నమాజు, రంజాన్ నెల ఉపవాసం, జకాత్, స్తోమత ఉంటే బతుకుల ఒక్కసారి హజ్. జకాత్ అంటే ఇష్టముంటే వేసే బిచ్చం కాదు. మిగులు సంపద మీద ఏటా నూటికి రెండున్నర వంతు పేదలకు చెందాలన్న నియమం. మోషే, ఏసు కూడా వాళ్లకు ప్రవక్తలే. ఖురాన్‌లోని 114 అధ్యాయాల్లో ఒకదానికి ఏసు తల్లి మరియం పేరే ఉన్నది. జిహాద్ అన్న మాటకు అసలు అర్థం పాటుపడుడు, పెనుగులాడుడు. అందులో యుద్ధం కూడా ఉన్నది, మనిషి తన లోపలి చెడుతోని చేసే పోరాటం కూడా ఉన్నది. టీవీలకు మొదటిదే తెలుసు.

బయటివాళ్లు చేసే పెద్ద పొరపాటు ఏందంటే, ముస్లింలంతా ఒక్కటే మూస అనుకొనుడు. ప్రపంచంలో ఎక్కువమంది ముస్లింలున్న దేశం ఇండోనేషియా. మొత్తం ముస్లింలలో అరబ్బులు ఐదో వంతు దాకనే ఉంటరు. మన దగ్గర దూదేకులవాళ్లు ఇంట్లో తెలుగే మాట్లాడుతరు. 632లో ప్రవక్త పోయినంక వారసుడెవరన్న దగ్గర మొదలైన తగాదా సున్నీ, షియా చీలికగా మారింది. 680లో, మొహర్రం పదో నాడు, ప్రవక్త మనుమడు హుస్సేన్‌ను కర్బలా మైదానంలో యజీద్ సైన్యం చంపింది. యూఫ్రటీస్ నది పక్కనే ఉన్నా నీళ్లు అందకుండ చేసి చంపింది. చంపినోళ్లూ ముస్లింలే, చచ్చినోళ్లూ ముస్లింలే.

ఎక్కడి కర్బలా, ఎక్కడి నల్లగొండ! అయినా ఆ కథ మన ఊర్లకు వచ్చింది. గోల్కొండ కుతుబ్‌షాహీలు షియాలు. చార్మినార్ కట్టించిన ముహమ్మద్ కులీ కుతుబ్‌షా హైదరాబాద్‌లో బాద్‌షాహీ అశుర్‌ఖానా కూడా కట్టించిండు. అక్కడినుంచి పీరీలు ఊరూరికీ పోయినయి. ఒక్క ముస్లిం ఇల్లు లేని ఊర్లల్ల కూడా పీర్ల కొట్టం ఉంటది. పీరీలను ఎత్తుకునేది మన సాయిలు, మన మల్లయ్య. అలావ చుట్టూ ఆడుతరు, దట్టీలు కడుతరు, మలీద ముద్దలు పంచుతరు. దర్గాకాడ మొక్కుకొని పుట్టిన పిల్లలకు సైదులు, జహంగీర్, మస్తాన్ అని పేర్లు పెట్టుకుంటరు. ఈ పేర్లు విని మనిషి మతం చెప్పుడు నల్లగొండలో ఎవరివల్లా కాదు.

ఇక్కడ ఒక నిజం దాచొద్దు. పీరీలు, దర్గాలు ఇస్లాంకు విరుద్ధమనే ముస్లిం పండితులు ఉన్నరు. మొహర్రం దుఃఖపు దినాలు, ఆటపాటలు ఏందని బాధపడే షియాలూ ఉన్నరు. అది వాళ్ల లోపలి చర్చ, మన దగ్గర ఆగమాలకూ గ్రామదేవతలకూ మధ్య ఉన్నట్టే. మన పీరీల పండుగే అసలు ఇస్లాం అనుడు ఎంత తప్పో, సౌదీలో కనిపించేదే అసలు ఇస్లాం అనుడు అంతే తప్పు.

ఇక చరిత్ర. ఇబ్రహీం కుతుబ్‌షాకు తెలుగు కవులు ‘మల్కిభరాముడు’ అని పేరు పెట్టుకున్నరు. పొన్నెగంటి తెలగన తన అచ్చతెలుగు కావ్యం ‘యయాతి చరిత్ర’ను అంకితమిచ్చింది అమీన్‌ఖాన్‌కు. తానీషా దగ్గర చక్రం తిప్పిన మంత్రులు అక్కన్న, మాదన్నలు. ఆ తానీషా రాజ్యాన్ని 1687లో కూలగొట్టింది ఔరంగజేబు. ముస్లిం రాజు మీదికి ముస్లిం చక్రవర్తి దండెత్తిండు. రాజులు రాజ్యం కోసం కొట్లాడుతరు, మతం చాలాసార్లు పైన కప్పిన శాలువా.

రజాకార్ల మాటకొద్దాం. బైరాన్‌పల్లిలో జరిగిన ఘోరాన్ని మనం మరువలేం, మరువొద్దు కూడా. అయితే ఆ రోజుల్లో ఎవరు ఎటువైపు ఉన్నరో సరిగ్గ చూడాలె. రజాకార్లు ఎవరి గడీలకు కాపలా కాసిన్రు? విసునూరు రామచంద్రారెడ్డి వంటి దేశ్‌ముఖ్‌ల గడీలకు. దొడ్డి కొమురయ్యకన్నా ముందే ఆ దేశ్‌ముఖ్ మీద భూమి కోసం కొట్లాడి ప్రాణమిచ్చిన కామారెడ్డిగూడెం రైతు షేక్ బందగీ. సాయుధ పోరాటానికి పిలుపునిచ్చిన ప్రకటన మీద రావి నారాయణరెడ్డి, బద్దం ఎల్లారెడ్డిలతోపాటు సంతకం పెట్టింది మఖ్దూం మొహియుద్దీన్. హైదరాబాద్ భారత్‌లో కలవాలని ‘ఇమ్రోజ్’ పత్రికలో రాసినందుకు 1948 ఆగస్టులో రజాకార్లు చంపింది షోయబుల్లాఖాన్‌ను. రజాకార్ల చేతిలో బలైన ఈ సంపాదకుడు ముస్లిం. ఈ ఒక్క పేరు గుర్తుంటే “తురకలంటే రజాకార్లు” అన్న మాట ఎవరి నోటినుంచీ రాదు.

ఆ తర్వాత కథ మనం తక్కువ మాట్లాడుతం. పోలీస్ యాక్షన్ సమయంలో, ఆ తర్వాత సంస్థానంలో ఏం జరిగిందో చూసి రమ్మని నెహ్రూ ప్రభుత్వం పండిత్ సుందర్‌లాల్ బృందాన్ని పంపింది. తక్కువలో తక్కువ 27 వేల నుంచి 40 వేల మంది చనిపోయినట్టు ఆ బృందం అంచనా వేసింది. ఉస్మానాబాద్, గుల్బర్గా, బీదర్, నాందేడ్ జిల్లాలు ఎక్కువ దెబ్బతిన్నయి. రజాకార్లు చేసిన పాపానికి రజాకార్లు కాని పేద ముస్లింలు మూల్యం చెల్లించిన్రు. బైరాన్‌పల్లి మనదైతే ఇది కూడా మనదే.

అమెరికాలో ఉన్న మనకు ఈ సంగతి ఇంకా బాగ అర్థం కావాలె. 2001 సెప్టెంబర్ 11 తర్వాత నాలుగు రోజులకే అరిజోనాలో బల్బీర్ సింగ్ సోధీని తలపాగా చూసి కాల్చి చంపిన్రు. 2012 ఆగస్టులో ఓక్ క్రీక్ గురుద్వారాలో ఆరుగురిని చంపిన్రు. ద్వేషించేటోడు పాస్‌పోర్టు అడగడు, మతం అడగడు. “మేం ముస్లింలం కాదు” అనే జవాబు మనల్ని కాపాడదు. ముస్లిం అయితే మాత్రం చంపొచ్చా అన్నదే అసలు ప్రశ్న.

మరి మనం చేయవలసిందేంది? ఒకటి, ద్వేషపు మెయిలు వస్తే ముందుకు పంపకుండ, పంపినాయనకే మర్యాదగ జవాబు రాద్దాం. రెండు, మజ్లిస్ పార్టీ రాష్ట్ర విభజనను వ్యతిరేకించింది, దాన్ని రాజకీయంగనే చూద్దాం. కాని ఆ పార్టీ నిర్ణయాన్ని ప్రతి ముస్లిం మీద రుద్దొద్దు. మూడు, మన సభలకు తెలంగాణ ముస్లిం మిత్రులను వేదిక అలంకరణకోసం కాదు, ఎజెండా రాసేతందుకు పిలుద్దాం. ఉర్దూకు దక్కవలసిన చోటు, సర్కారు కొలువుల్లో వాటా, వక్ఫ్ భూముల సంగతి మన డిమాండ్లలో ఉండాలె. మనలాంటి ఐటీవాళ్ల కొలువులకోసం మేడలు లేచిన మణికొండలో హుస్సేన్ షా వలీ దర్గా భూముల మీద కోర్టుల్లో కొట్లాట నడిచింది. మన భూములు పోయినయని గొంతు చించుకునే మనం, ఆ భూములు కూడా తెలంగాణ భూములేనని ఎందుకనం?

2014లో రాష్ట్రం వచ్చింది. పాతబస్తీ ఆటో డ్రైవరు, మహబూబ్‌నగర్ దూదేకుల ఇంటామె ఇది మా రాష్ట్రం అనుకోవాలె. అట్ల అనుకోకపోతే మనకు దక్కింది పటంలో గీత మాత్రమే.

జై తెలంగాణ!