కొడవలి తెగినప్పుడు కట్టు కట్టే పద్ధతి

(మండల సమాఖ్య వార్షిక మహాసభలో ఆరోగ్య ఉపసంఘం తరఫున చేసిన ప్రసంగం)



పొదుపు, లోన్ల లెక్కలు ఇంతసేపూ విన్నారు. నేను చెప్పేది చేతుల లెక్క. కోతల్లో చెయ్యి తెగి చీము పట్టిందంటే ఎన్ని రోజుల కూలి పోతుందో మీకే తెలుసు. కిస్తీ మాత్రం ఆగదు.

కొడవలి తగలగానే మనం ఏం చేస్తాం? గట్టు మీది ఆకు నలిపి పిండుతాం, పసుపో కాఫీ పొడో అద్దుతాం, కొంగు చింపి బిగించి ముడేస్తాం. పసుపు కూరలోకి మంచిదే, తెగినచోట వద్దు. పొడి ఏదైనా అట్టకట్టి మట్టిని లోపలే ఉంచేస్తుంది. డాక్టరు కుట్లు వేయాలన్నా ముందు అదంతా కడిగి తీయాలి. ఆ నొప్పి పడేది మనమే.

నెత్తురు ధారగా వస్తుంటే మొదట ఒత్తి పట్టాలి. శుభ్రమైన గుడ్డ మడతపెట్టి, గాయం మీద అరచేత్తో గట్టిగా, పది నిమిషాలు. మధ్యలో ఎత్తి చూడొద్దు. చూసినప్పుడల్లా గడ్డకట్టింది ఊడి మళ్లీ మొదలవుతుంది. చెయ్యి గుండె కన్నా పైకి ఎత్తి ఉంచండి. గుడ్డ తడిస్తే తీయకుండా దానిమీదే ఇంకోటి వేసి ఒత్తండి. అప్పటికీ ఆగకపోతే 108కి ఫోన్ చేయించండి, మీరు ఒత్తడం ఆపకండి. గాజు పెంకు లాంటిది లోతుగా దిగి ఉంటే లాగొద్దు, దానిమీద ఒత్తొద్దు. అటూ ఇటూ గుడ్డ చుట్టలు పెట్టి ఆసుపత్రికి తీసుకుపోవాలి.

చిన్న గాయమైతే నెత్తురు ఆగాక తాగే నీళ్లు ధారగా పోసి కడగండి, బోదె నీళ్లు వద్దు. దూది నేరుగా పెడితే పీచు అతుక్కుంటుంది. గాజ్ గుడ్డ పెట్టాలి. అది లేకపోతే ఉతికి ఎండలో ఆరేసిన పాత నూలు చీర ముక్క చాలు. కట్టే మనిషి కూడా ముందు చేతులు కడుక్కోవాలి.

చుట్టే ముందు ఉంగరం, గాజులు తీసేయండి. గాజులు తీయడానికి మనసొప్పదు, తెలుసు. కానీ చెయ్యి వాచాక పగలగొట్టాల్సి వస్తుంది. మణికట్టు వైపు నుంచి మోచేతి వైపుకి, ఒక్కో చుట్టు కింది చుట్టును సగానికి పైగా కప్పేలా చుట్టాలి. ముడి గాయం మీద పడకూడదు. వేళ్ల చివర్లు బయటికి కనిపించాలి. కట్టాక గోరు నొక్కి వదలండి. తెల్లబడిన గోరు రెండు సెకన్లలో మళ్లీ ఎరుపెక్కాలి. ఎక్కకపోయినా, వేళ్లు చల్లబడినా, తిమ్మిరెక్కినా కట్టు బిగిసిందన్నమాట, వెంటనే వదులు చేయండి. బిగిస్తేనే బాగా కట్టినట్టని మనవాళ్ల నమ్మకం. పాము కరిచినా తాడుతో బిగించేది ఆ నమ్మకంతోనే, అది అసలే వద్దు.

తడిసిన కట్టు మార్చాలి. నాట్లలో దిగేవాళ్లకు కష్టమైన మాటే, అయినా తడి కట్టు కింద గాయం నాని చెడుతుంది. ధనుర్వాతం రాకుండా సూది అదే రోజు పీహెచ్‌సీలో వేయించుకోండి. అంచులు విడిపోయిన గాయానికి కుట్లు పడాలి, ఆలస్యం చేయొద్దు. షుగర్ ఉన్న అక్కలు కాలికి చిన్న దెబ్బ తగిలినా చూపించుకోండి, నొప్పి తెలియకపోవచ్చు.

ప్రతి గ్రామ సంఘం ఆఫీసులో కట్టుగుడ్డల డబ్బా ఒకటి పెట్టమని మా ఉపసంఘం అడుగుతోంది. దానికి తాళం మాత్రం వేయకండి. భోజనాలయ్యాక వెళ్లిపోకుండా ఉండండి, కట్టుగుడ్డలు తెచ్చాను. ఒకరి చేతికి ఒకరు కట్టి, గోరు నొక్కి చూసుకుందాం.