పాత కారుకి ఏ కూలెంట్? రంగు కాదు, రేడియేటర్ చూడండి

ఈ ఎపిసోడ్‌లో పాత కారు కూలెంట్ గురించి మాట్లాడుకుందాం. మీలో చాలామందికి మొదటి కారు సెకండ్ హ్యాండే. నాన్న వాడిన మారుతి 800 కావచ్చు, మామయ్య ఇచ్చిన జెన్ కావచ్చు, ముచ్చటపడి కొన్న అంబాసిడర్ కావచ్చు. షెడ్‌కి వచ్చిన ప్రతివాళ్ళూ అడిగేది ఒకటే: “అన్నా, ఆకుపచ్చది పోయాలా, ఎర్రది పోయాలా?”

ముందే చెప్పేస్తున్నా, రంగు చూసి కూలెంట్ కొనొద్దు. రంగు అంటే అందులో కలిపిన డై, అంతే. హోండా వాళ్ళది నీలం, టొయోటా వాళ్ళది ఎరుపు. ఒకే రంగులో రెండు వేరే రకాలూ దొరుకుతాయి. చూడాల్సింది లోపల తుప్పు పట్టకుండా ఏ మందు కలిపారు అన్నది.

“మన దగ్గర మంచు పడదు కదా, నీళ్ళు చాలు” అనేవాళ్ళు ఉన్నారు. ఇందులో కొంత నిజం ఉంది. వేడిని లాగడంలో గ్లైకాల్ కన్నా నీళ్ళే మెరుగు. కానీ నీళ్ళు ఇనుముని తినేస్తాయి. పైగా మనం పోసేది ఎక్కువగా బోరు నీళ్ళు. బిందె అడుగున తెల్లగా పేరుకునే సున్నం ఉంటుంది చూడండి, అదే రేడియేటర్ సన్న గొట్టాల్లో కూడా పేరుకుంటుంది.

ఈ మధ్య ఒక మారుతి 800 తాడు కట్టుకుని వచ్చింది. క్యాటరింగ్ సామాన్లు తిప్పుకునే కుర్రాడిది. బండి కొన్నప్పటి నుంచీ బోరు నీళ్ళే. విప్పి చూస్తే రేడియేటర్ సగం మూసుకుపోయింది. ఆ బండికి హెడ్ అల్యూమినియం. వేడెక్కి వంగిపోయింది, గ్యాస్కెట్ పోయింది. హెడ్ ఫేసింగ్, గ్యాస్కెట్, రేడియేటర్ పని, అన్నీ కలిపితే కూలెంట్ డబ్బా ధరకి ఎన్నో రెట్లు. దానికన్నా పెద్ద నష్టం ఇంకోటి: పెళ్ళిళ్ళ సీజన్‌లో బండి షెడ్‌లో ఉండిపోయింది. ఆ రోజుల కూలీ అతనికి ఎవరిస్తారు?

సరే, ఇప్పుడు ఎంపిక. బానెట్ ఎత్తి, ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు రేడియేటర్ చూడండి. పైన కింద నల్ల ప్లాస్టిక్ ట్యాంకులు, మధ్యలో తెల్లటి లోహం ఉంటే అది అల్యూమినియం. అంతా లోహమే అయితే పెయింట్ కొంచెం గీకండి. పసుపు పచ్చగా కనిపిస్తే ఇత్తడి, అంటే రాగి-ఇత్తడి రేడియేటర్. దాని అతుకులు సీసం కలిసిన సోల్డర్‌తో వేసి ఉంటాయి.

రాగి-ఇత్తడి అయితే, అంబాసిడర్ లాంటి బండ్లకి, పాత పద్ధతి కూలెంట్ అడగండి. డబ్బా మీద ఐఏటీ అని ఉంటుంది. సిలికేట్ లాంటి మందులు ఇందులో ఉంటాయి, సోల్డర్‌ని కాపాడతాయి. అవి త్వరగా అరిగిపోతాయి కాబట్టి రెండేళ్ళకోసారి మార్చాల్సిందే. “అయిదేళ్ళు చూడక్కర్లేదు” అనే ఓఏటీ రకం కొత్త అల్యూమినియం బండ్ల కోసం చేసింది. ఖరీదు ఎక్కువ కదా అని పాత ఇత్తడి రేడియేటర్‌కి పోయకండి.

అల్యూమినియం రేడియేటర్ అయితే మాన్యువల్లో చెప్పిన రకమే తీసుకోండి. డబ్బా మీద ఐఎస్ 5759 గానీ, జేఐఎస్ కే 2234 గానీ ఉందో లేదో చూడండి. కూలెంట్‌కి ప్రమాణాలు అవి.

లోపల ఏముందో తెలియదా? పైన కలపొద్దు. రెండు రకాలు కలిస్తే మందులు పని చేయడం మానేస్తాయి, కొన్నిసార్లు జిగురులా గడ్డకడతాయి. పాతది మొత్తం తీసేసి, నీళ్ళు తేటగా వచ్చేదాకా ఫ్లష్ చేయించండి. చివరి ఫ్లష్ డిస్టిల్డ్ వాటర్‌తో చేయించండి.

ఇక్కడ ఒక చిన్న కిటుకు. ఫ్లష్ చేశాక కొన్ని నీళ్ళు ఇంజిన్ బ్లాక్‌లోనే ఉండిపోతాయి. దాని మీద రెడీమిక్స్ పోస్తే పలచబడిపోతుంది. అందుకే కాన్సన్‌ట్రేట్ కొనండి. మాన్యువల్లో మొత్తం ఎన్ని లీటర్లో చూసి, అందులో సగం కాన్సన్‌ట్రేట్ ముందు పోసి, మిగతాది డిస్టిల్డ్ వాటర్‌తో నింపండి. అప్పుడు 50:50 వస్తుంది.

రేడియేటర్ మూతని కూడా పట్టించుకోండి. నీళ్ళు 100 డిగ్రీలకి మరిగితే, సగంసగం మిశ్రమం సుమారు 107 దగ్గర మరుగుతుంది. మూత ప్రెషర్ సరిగ్గా పట్టి ఉంచితే ఇంకో 20 డిగ్రీలు కలిసొస్తుంది. రబ్బరు వాషర్ పగిలిన మూతతో ఎంత ఖరీదైన కూలెంట్ పోసినా మే నెల ఎండలో ట్రాఫిక్‌లో పొంగుతుంది.

రెండు జాగ్రత్తలు. ఇంజిన్ వేడిగా ఉండగా మూత తిప్పకండి, మొహం కాలిపోతుంది. తీసిన పాత కూలెంట్‌ని కాలువలో పారబోయకండి. ఇథిలిన్ గ్లైకాల్ తియ్యగా ఉంటుంది, కుక్కలు నాకుతాయి, పిల్లలు కూడా తాగేస్తారు. అది విషం.

ఈ ఆదివారం ఇంజిన్ చల్లారాక మూత తీసి లోపల ఏ రంగు నీళ్ళున్నాయో చూడండి. తుప్పు రంగు కనిపిస్తే ఇంకో నెల ఆగకండి. పాత బండి ఉన్న ఫ్రెండ్‌కి ఈ వీడియో పంపండి. వచ్చే ఎపిసోడ్‌లో థర్మోస్టాట్ తీసి పారేయడం మంచిదా కాదా చూద్దాం. ఉంటాను!