విద్యార్థులకు త్రోవ చూపుట: మన సంఘముయొక్క కర్తవ్యము

(శ్రీకూర్మమునందు జరిగిన మన సంఘ వార్షిక మహాసభలో చదువబడిన యుపన్యాసము)



శ్రీకూర్మనాథుని సన్నిధిని, శ్వేతపుష్కరిణీ తీరమున, మన వార్షిక మహాసభ కూడుట మనకెల్లరకు ముదావహము. చిరకాలము ఉన్నతపాఠశాలలయందు తెలుగును సంస్కృతమును బోధించి విశ్రాంతి గైకొనియున్న మమ్ము, పదవతరగతి పిల్లల ముందుదారిని గూర్చి నాలుగు మాటలు చెప్పవలయునని కార్యదర్శిగారు కోరిరి. చెప్పవలసినవి నాలుగింటికంటె ఎక్కువ కలవు, కాలమో స్వల్పము. కావున వందనసమర్పణమును సంక్షేపించి ప్రస్తుతమునకు వచ్చుచున్నాము.

ప్రతిసంవత్సరము ఈ వేదికమీద మనము ప్రథమశ్రేణిని ఉత్తీర్ణులైన బాలబాలికలకు శాలువలు కప్పి, పతకములిచ్చి, ఛాయాచిత్రములు తీయించుచున్నాము. ఇది మంచి యాచారమే. కాని పతకము నందుకొన్న బాలుని త్రోవ పతకము లేకున్నను చాలవఱకు తెఱచియే యుండును. పందిరి చివర గుంజ నానుకొని చూచుచుండు మధ్యమశ్రేణి బాలుని సంగతి యేమి? ఫలితములు వచ్చిన మఱునాడు ఎవరి నడుగవలయునో వాడెఱుగడు. వాని తండ్రి పొలమునందో అంగడియందో కష్టించువాడు. తానెన్నడును కళాశాల గడప త్రొక్కనివాడు. పొరుగింటి పిల్లవాడు ఏ శాఖలో చేరెనో వీడును అందులోనే చేరును. రెండేండ్లకు పరీక్ష తప్పును. అటుపిమ్మట హైదరాబాదునకో చెన్నపట్టణమునకో కూలిపనికి రైలెక్కును. ఆమదాలవలసలోని శ్రీకాకుళం రోడ్డు స్టేషనున ఒక సాయంకాలము నిలిచి చూచినవారికి ఈ మాటను వివరింప నక్కఱలేదు.

పూర్వము మన ప్రాంతమున పేద విద్యార్థికి కొఱవడినది అన్నము. విజయనగరమునందు 1860లో సంస్కృత పాఠశాల వెలసెను. 1879లో మహారాజావారి ఉన్నతపాఠశాల కళాశాల యయ్యెను. ఆ కాలమున పల్లెలనుండి వచ్చిన బాలురు వారములు చేసికొని, సోమవారమొక యింట, మంగళవారమొక యింట భుజించి చదివిరి. గురజాడ అప్పారావుగారు విజయనగరమున చదువునప్పుడు కళాశాలాధ్యక్షులైన చంద్రశేఖరశాస్త్రిగారు వారికి అన్నవస్త్రముల కొఱత లేకుండ ఆదరించిరి. గురజాడవారు 1882లో మెట్రిక్యులేషనును, 1886లో బి. ఏ. పట్టమును సాధించిరి. వారి సహాధ్యాయులును, శ్రీకాకుళమునకు సమీపమున పర్వతాలపేటలో 1863లో జన్మించినవారునైన గిడుగు రామమూర్తిగారు బాల్యముననే పితృవిహీనులైరి. 1879లో మెట్రిక్యులేషను ముగియగనే కుటుంబభారముచే కళాశాల చదువు మానుకొని, 1880లో పర్లాకిమిడియందు ఉపాధ్యాయులైరి. ఉద్యోగము చేయుచునే స్వయముగా చదివి పట్టభద్రులైరి; సవరభాషకు వ్యాకరణమును నిఘంటువును కూర్చిరి. వారిప్పుడు ఈ సభయందుండినచో మా గ్రాంథికభాషను మెచ్చియుండరు గాని, మా యభిప్రాయమును మాత్రము కాదనియుండరు.

ఆ కాలపు సంఘములు తమ పిల్లల యవసరము నెఱిగి దానికి తగిన యుపాయము నాలోచించినవి. అన్నము లేదు గనుక వసతిగృహములు కట్టినవి. హైదరాబాదునందు 1918లో వెలసిన రెడ్డి హాస్టలు అందుల కొక నిదర్శనము. ఆ పెద్దలు చేసినది మనమిప్పుడు మరల చేసిన చాలదు. వారు ఆలోచించినట్లు ఆలోచింపవలయును. నేడు మన పిల్లలకు కొఱవడినదేమి?

నేడు బడిలో మధ్యాహ్నభోజనము కలదు. ప్రభుత్వ వసతిగృహములు కలవు. అర్హులకు రుసుముల విషయమున సహాయము కలదు. విద్యాలయములును సమీపమునకే వచ్చినవి. 1926లో ఆంధ్రవిశ్వవిద్యాలయము స్థాపితమైన పిమ్మట చిరకాలము ఉన్నతవిద్య యనగా విశాఖపట్టణమే. ఇప్పుడో, ఎచ్చెర్లయందు 2008లో అంబేద్కరు విశ్వవిద్యాలయము, ఆ చేరువనే 2016లో రాజీవ్‌గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయముయొక్క శ్రీకాకుళ ప్రాంగణము వెలసినవి. నైరలో వ్యవసాయ కళాశాల కలదు. విజయనగరము జిల్లాకు 2019లో కేంద్రీయ గిరిజన విశ్వవిద్యాలయమును, విజయనగరమునకు 2022లో గురజాడవారి పేరిట సాంకేతిక విశ్వవిద్యాలయమును వచ్చినవి. ద్వారములు అనేకములైనవి, మన యిండ్లలో తెలిసినవి మాత్రము రెండే: ఒకటి ఇంజనీరు, రెండవది డాక్టరు. కావున నేటి కొఱత అన్నపు కొఱత గాదు, ఎఱుక కొఱత. అన్నము లేనివాడు ఆకలియని చెప్పుకొనగలడు. తెలియనివాడు తనకు తెలియదనియు నెఱుగడు. అందువలననే ఈ కొఱత ఎక్కువ ప్రమాదకరము.

ఈ క్షేత్రమహిమను బట్టి యొక మాట చెప్పెదము. మంథనసమయమున దేవదానవులు ఇరువైపుల నిలిచి వాసుకిని లాగిరి. అందఱి కన్నులును మందరముమీదనే. పర్వతము నిలువక క్రుంగుచుండ, క్రింద చేరి వీపున మోసినది కూర్మము. ఆ యాధారమే లేకున్న ఎంతటి బలవంతులు లాగినను అమృతము పుట్టదు. మన పిల్లలు పరిశ్రమ చేయుచునే యున్నారు. తల్లిదండ్రులు శక్తికి మించి లాగుచునే యున్నారు. క్రింద ఆధారముగా నిలుచువాడు లేడు. ఆ స్థానము సంఘమునది.

ఇక కార్యరూపమున చెప్పెదము. త్రోవ చూపుట పదవతరగతి ఫలితముల నాడు ఆరంభించినచో ఆలస్యమే. ఎనిమిదవ తరగతియందే మొదలిడవలయును. ప్రభుత్వ, స్థానికసంస్థల, ఎయిడెడు పాఠశాలలలో ఎనిమిదవ తరగతి చదువు పిల్లలకు 2008 నుండి కేంద్రప్రభుత్వపు ఉపకారవేతన పరీక్ష యొకటి జరుగుచున్నది. అందెన్నికైనవారికి తొమ్మిదవ తరగతి మొదలు ఇంటర్మీడియటు ముగియువఱకు ఏటికి 12,000 రూపాయలు లభించును. కుటుంబపు వార్షికాదాయము మూడున్నర లక్షలకు మించరాదు. మన యిండ్లలో అర్హులు పెక్కురు. పరీక్ష పేరు విన్నవారు కొలదిమంది.

తొమ్మిదవ తరగతియందు పత్రములను సరిచూడవలయును. ఆధారు పత్రమునందొక తీరునను, బడి దాఖలాలయందొక తీరునను పేరుండుట. ఇంటిపేరొక చోట ముందును ఒక చోట వెనుకను ఉండుట. పుట్టిన తేదీ మారుట. ఇవి చిన్న తప్పులుగా తోచును. మా యెఱుకలో నొక బాలుడు ప్రవేశపరీక్షయందు మంచి స్థానమునే పొందెను. ఆదాయ ధ్రువపత్రము చేతికి వచ్చునప్పటికి కౌన్సెలింగు గడువు దాటెను. ఆ యేడు వానికి సీటు పోయెను. మఱుసటి యేటికి చదువుమీది మనసును పోయెను. పదునైదు దినములు ముందుగా ఒక పెద్దమనిషి తహసీల్దారు కచ్చేరికి వానితో వెళ్లియుండిన సరిపోయెడిది. ఇందులకు ధనమక్కఱలేదు, తీరిక గలవాడొక్కడు కావలయును.

పదవతరగతి పిమ్మటి త్రోవలను తల్లిదండ్రులు కొంతయైన నెఱుగవలయును. రాజీవ్‌గాంధీ విశ్వవిద్యాలయమున పదవతరగతి మార్కులనుబట్టి ప్రవేశమిచ్చి, ఆరేండ్లలో ఇంజనీరు పట్టము నిత్తురు. పాలిసెట్టు వ్రాసి మూడేండ్ల డిప్లొమా చదివినవాడు, ఈసెట్టు ద్వారా నేరుగా ఇంజనీరింగు రెండవ సంవత్సరమున చేరవచ్చును. చేరకున్నను చేతిలో నొక విద్య యుండును. ఐ. టి. ఐ. చదివి విద్యుత్పనియో యంత్రపుపనియో నేర్చినవానిని తక్కువగా చూచుట మన యవివేకము. వ్యవసాయ పట్టమునకు ప్రవేశపరీక్ష కలదు. అందు రైతుబిడ్డలకు కొన్ని స్థానములు ప్రత్యేకింపబడియున్నవి. మన రైతులలో ఎందఱీ మాట నెఱుగుదురు?

లెక్కలయందు నేర్పు గలిగి వర్తకమునందు మక్కువ గలవాడు ఇంటర్మీడియటు పిమ్మట చార్టర్డు అకౌంటెంటు ప్రథమపరీక్ష వ్రాయవచ్చును. న్యాయశాస్త్రమునకు ఐదేండ్ల చదువు ఇంటర్మీడియటు వెంటనే కలదు. నేషనల్ డిఫెన్స్ అకాడమీ పరీక్ష 2021 నవంబరు మొదలు బాలికలకును తెఱవబడినది. సైనికశాఖకు ఏ గ్రూపు చదివినవారైనను అర్హులే. మా శాస్త్రమును గూర్చియు నొక మాట. నేటి పిల్లలు ఇంటర్మీడియటునందు సంస్కృతమును మార్కుల కొఱకు గ్రహించి, మార్కులతోపాటు విడిచిపెట్టుచున్నారు. నిజముగా నభిరుచి గలవానికి విజయనగర సంస్కృత కళాశాలయు, 2020లో కేంద్రీయ విశ్వవిద్యాలయమైన తిరుపతి సంస్కృత విద్యాపీఠమును కలవు.

ఎవని కేది తగునో కనిపెట్టుట ముఖ్యము. ద్వారం వెంకటస్వామినాయుడుగారికి బాల్యముననే చూపు మందగించి బడిచదువు సాగలేదు. అన్నగారు వాని చెవిని, వేళ్లను గుర్తించి ఫిడేలు నేర్పిరి. 1919లో విజయనగర సంగీత కళాశాలయందు వారు అధ్యాపకులైరి, 1936లో అధ్యక్షులైరి. చూపు లేదని విచారించుచు కూర్చుండక, ఉన్నదానిని చూచిన అన్నగారి వివేకము మన కాదర్శము. పొలములో మోటారు విప్పి మరల బిగింపగల బాలుని, వాని కిష్టములేని జీవశాస్త్రమునకు పంపి, రెండేండ్లలో దిగులుతో తిరిగి వచ్చిన పిమ్మట సోమరియని నిందించు తండ్రులను మేమెందఱినో చూచితిమి.

మఱియొక యనర్థము. పదవతరగతి పరీక్షలింకను జరుగకముందే దూరపట్టణముల వసతి కళాశాలల ప్రతినిధులు మన వీధులకు వచ్చి బయానా పుచ్చుకొనుచున్నారు. రంగుల కాగితముపై ర్యాంకులు వచ్చినవారి బొమ్మలుండును. రానివారి లెక్క యుండదు. తల్లి మెడలోని పుస్తెలత్రాడు తాకట్టునకు పోవును. ఆ కళాశాలలన్నియు చెడ్డవని మేమనము. సంతకము చేయుటకు ముందు మూడు ప్రశ్నలడుగుడు: గత సంవత్సరము చేరినవారెందఱు, ఉత్తీర్ణులైనవారెందఱు, నడుమ మానిన పిల్లవానికి రుసుము తిరిగి యిత్తురా? ప్రత్యుత్తరము వ్రాతమూలకముగా కోరుడు.

బాలికల విషయమున మేము మొగమాటము లేక చెప్పెదము. పతకములందుకొనువారిలో బాలికలే తఱచు ముందుందురు. రెండేండ్లు గడచునప్పటికి వారిలో కొందఱి పేర్లు శుభలేఖలలో కనబడుచున్నవి. "దూరము పంపజాలము, తోడు లేదు" అని తండ్రి యనును. తోడు కల్పించుట సంఘమునకు సాధ్యము. విశాఖపట్టణమున స్థిరపడిన మన కుటుంబములు పరీక్షకు వచ్చిన బాలికకు ఒక రాత్రి ఆశ్రయమిచ్చి, మఱునాడుదయమున పరీక్షాకేంద్రమునకు చేర్చిన చాలును. పూర్వపు వారములకు ఇది నేటి రూపము.

ఇది ప్రభుత్వముయొక్క పని గాదా యని కొందఱు శంకింతురు. ప్రభుత్వము ప్రకటనము చేయును. ఆ ప్రకటనమును ఇంటిలో కూర్చుండి చదివి చెప్పుట బంధువులపని. మన కులపు పిల్లలకేనా యని మఱికొందఱు ప్రశ్నింతురు. మన సంఘము మన యింటినుండి మొదలిడుట సహజము; కాని దీపము వీధిలో పెట్టిన పిమ్మట వెలుగు ఎవని వాకిట పడుచున్నదని విచారింపరాదు. తలుపు తట్టిన పిల్లవాని కులము నడుగకుండుటయే మనకు గౌరవము.

కావున ఈ మహాసభ ముందు మేము ఐదు ప్రతిపాదనములుంచుచున్నాము. ఒకటి: సంఘభవనమున ఒక గదిని ప్రతి యాదివారము విద్యార్థుల కొఱకు తెఱచియుంచుట, విశ్రాంతోద్యోగులు వంతులవారీగా అందు కూర్చుండుట. రెండు: పరీక్షల దరఖాస్తు గడువులను తెలుగులో అచ్చువేయించి ప్రతి గ్రామమున గోడకంటించుట, గడువు మారినప్పుడెల్ల కాగితమును మార్చుట. మూడు: ఎనిమిది మొదలు పదవతరగతి వఱకు చదువు మన పిల్లల పట్టిక వ్రాసి, ఒక్కొక్క పెద్దకు ఐదుగురిని అప్పగించుట. నాలుగు: దరఖాస్తు రుసుములకును ప్రయాణమునకును చిన్న నిధి యేర్పఱచుట. శాలువలకగు వ్యయములో సగము దీనికి మరలించినను ఆరంభమునకు చాలును. ఐదు: తప్పిన పిల్లవాని యింటికి ఫలితములు వచ్చిన నాడే ఒకరు వెళ్లుట. నెగ్గినవాని యింటికి అందఱును పోవుదురు. తప్పినవానికే ఆ దినమున మనిషి కావలయును. సప్లిమెంటరీ పరీక్ష కలదనియు, ఒక సంవత్సరము పోయిన జీవితము పోదనియు వాని కెవరైన చెప్పవలయును.

పోషకమహాశయులు మిక్కిలి యుదారులు. భవనమునకు శిలాఫలకము వేయించినవారి పేరు గోడపై నిలుచును. త్రోవ చూపినవాని పేరు ఏ ఫలకమునను ఉండదు; ఒక యింటిలో మాత్రము రెండు తరములవఱకు దానిని తలంతురు. ఈ రెండవ కీర్తిని కోరువారు సభానంతరము కార్యదర్శిగారియొద్ద తమ పేర్లను వ్రాయింపగోరెదము. మొదటి పేరు మాది. వచ్చు ఆదివారము ఉదయము తొమ్మిది గంటలకు మేము ఆ గదియందుందుము.