ఆధా సీసీ – మూలికా వైద్యం
(వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మన ఇళ్ళలో ఆధా సీసీ అనీ, తెలుగులో పార్శ్వపు నొప్పి అనీ పిలిచేదే డాక్టర్లు చెప్పే మైగ్రేన్. యునానీ హకీములు షకీఖా అంటారు. ఒక కణత పోటెత్తడం, వాంతులు, వెలుతురు పడకపోవడం దీని గుర్తులు. మగవారికన్నా ఆడవారికి ఎక్కువ. పొయ్యి దగ్గర నిలబడలేక పడుకున్న ఇల్లాలిని "నటిస్తోంది" అనడం అన్యాయం.

చైనా మూలికలతో నయమవుతుందటగా అని మన బందరు, గుడివాడ, దివిసీమల్లో ఎవరైనా అడగవచ్చు. చువాన్‌షియోంగ్ అనే వేరును అక్కడ తలనొప్పికి వందల ఏళ్ళుగా వాడుతున్నారు. మూలికల్ని తీసిపారేయకూడదు. పాత చైనా వైద్యగ్రంథం ఆధారంగా మలేరియా మందు కనిపెట్టిన తూ యూయూ 2015లో నోబెల్ బహుమతి పొందారు. అయితే ఆ మందు పరీక్షలకు నిలిచింది. మైగ్రేన్ మూలికలకు అంత గట్టి రుజువు ఇంకా లేదు.

1990ల తొలినాళ్ళలో బెల్జియంలో బరువు తగ్గే మందులో ఒక చైనా మూలికకు బదులు మరొకటి పడి, 100 మందికి పైగా స్త్రీల మూత్రపిండాలు చెడిపోయాయి. కనుక చైనాదైనా, మన సంతదైనా, పేరు తెలియని పొడి మింగవద్దు. ఏ మందు వాడుతున్నా డాక్టరుగారి దగ్గర దాచవద్దు.

నొప్పి బిళ్ళలు నెలలో 10, 15 రోజులు మింగితే ఆ బిళ్ళలే తలనొప్పి తెస్తాయి. వేళకు తిండి, నిద్ర ముఖ్యం. రంజాన్‌లో సహరీ మానవద్దు. టీ ముందునుంచే తగ్గించండి. ఎన్నడూ లేని నొప్పి ఒక్కసారిగా వచ్చినా, మాట తడబడినా, చెయ్యి పడిపోయినా వెంటనే ఆసుపత్రికి వెళ్ళండి.