అరికాలి మచ్చ
(మన సంఘం వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శి గారు నన్ను విద్య గురించి నాలుగు మాటలు మాట్లాడమన్నారు. ఏటా అదే మాట్లాడుతున్నాను, మీరూ ఓపికగా వింటున్నారు. ఈసారి వారి అనుమతితో నా కుడికాలి మడమ గురించి మాట్లాడతాను. నవ్వకండి. రెండేళ్లుగా నాకు పాఠం చెబుతున్నది అదే. నేను ఉర్దూ మీడియం టీచరును. నా తెలుగులో తప్పులుంటే పెద్ద మనసుతో మన్నించాలి.

మనం వుజూలో రోజుకు ఐదుసార్లు కాళ్లు కడుగుతాం. వేళ్ల సందుల్లో కూడా వేలు పోనిచ్చి తడుపుతాం. నేనూ చిన్నప్పటి నుండి అలాగే చేస్తున్నాను. కాని నా అరికాలును నేను చూసింది ఎన్నిసార్లు? చెయ్యి కడిగేది, కన్ను చూసేది కాదు. ఒక చలికాలం రాత్రి మా ఇంటామె నా మడమ పగుళ్లకు నూనె రాస్తూ, "ఇక్కడ ఈ నల్ల మచ్చ ఎప్పటిది?" అని అడిగింది. మినపగింజంత ఉంది. "పుట్టుమచ్చ అయ్యుంటుందిలే" అని కాలు లాక్కున్నాను.

అది పుట్టుమచ్చ కాదని నా మనసుకు తెలుసు. నాలుగు నెలలు ఎవరికీ చెప్పలేదు. మచ్చ పెరిగింది. ఒకవైపు కాఫీ రంగు, ఒకవైపు నలుపు. అంచు మాత్రం అద్దుడు కాగితం మీద సిరా పాకినట్టు వంకరటింకరగా ఉంది. మెడికల్ షాపులో ఆనె అని చెప్పి ప్లాస్టరు తెచ్చి అంటించాను. పిల్లలకు సైన్సు పాఠం చెప్పే మనిషి చేసిన పని ఇది.

ఎందుకు దాచాను? రెండు కారణాలు. మొదటిది మా మామూ. నా చిన్నతనంలో ఆయన పాదం మీద ఇలాంటిదే మానని పుండు లేచింది. ఊళ్లో సున్నం, సోడా కలిపి పెట్టి కాల్చారు. తర్వాత గజ్జల్లో బిళ్ల కట్టింది. పట్నం తీసుకుపోయేసరికి ఆలస్యమైంది. మా ఇంట్లో ఆ జబ్బు పేరు ఎవరూ పలకలేదు, "ఆ రోగం" అనేవారు. పేరు పలకని భయం పిల్లల్లో ఎక్కువ కాలం నిలుస్తుంది. రెండోది, అప్పుడే మా పెద్దమ్మాయి సంబంధం మాటల్లో ఉంది. తండ్రికి ఇలాంటి జబ్బని తెలిస్తే అవతలివాళ్లు ఏమంటారో అని.

ఒకరోజు మేజోడుకు రక్తం అంటింది. ఇక తప్పక చర్మ వైద్యురాలి దగ్గరికి వెళ్లాను. ఆమె లైటున్న భూతద్దంతో మచ్చను చాలాసేపు చూశారు. మోకాలి వెనక, గజ్జల్లో చేత్తో తడిమి చూశారు. తర్వాత హైదరాబాదు కేన్సరు ఆసుపత్రికి చీటీ రాసి, పైన "అర్జెంటు" అని రాసి కింద రెండు గీతలు గీశారు.

"కేన్సరేనా డాక్టరమ్మా?" అని అడిగాను.

"చూసి చెప్పలేను మాస్టారూ. ముక్క తీసి పరీక్ష చేస్తేనే తెలుస్తుంది. ఈ వారం దాటనివ్వకండి" అన్నారు.

ఆ రెండు గీతలు నాకు మరణశాసనంలా కనిపించాయి. చీటీని హాజరు పట్టీలో దాచుకున్నాను. రాత్రి అందరూ పడుకున్నాక ఫోనులో చదివాను. చదివినకొద్దీ చెమట పట్టింది. మూడో రాత్రి మా ఇంటామె లేచి కూర్చుని, "ఏమైంది?" అంది. చీటీ ఆమె చేతిలో పెట్టాను. ఆమె ఏడుస్తుందనుకున్నాను. "ఇన్నాళ్లూ ఒక్కరే మోశారా?" అంది. అంతే. తెల్లవారేసరికి తన తమ్ముడికి ఫోను చేసింది. అతను వచ్చి, "దూల్హాభాయ్, బస్సు ఆరింటికి. నేనూ వస్తున్నాను" అన్నాడు. ఆ రోజు నుండి నాకు కొంచెం నిద్ర పట్టింది.

తర్వాత తెలిసిన సంగతి మీకు ముందే చెబుతున్నాను. "అర్జెంటు" అంటే కేన్సరు అని అర్థం కాదు. అవునో కాదో తొందరగా తేల్చాలని అర్థం. అలా పరీక్షకు పంపిన మచ్చల్లో చాలావరకు ప్రమాదం లేనివే అని తేలుతుంది. కాని ఏది ఏదో పరీక్ష లేకుండా ఎవరూ చెప్పలేరు.

ఆసుపత్రికి ఒక్కరే వెళ్లకండి. డాక్టరు మాట్లాడుతుంటే నా చెవులు పనిచేయలేదు. మా బామ్మర్దే విన్నాడు, కాగితం మీద రాసుకున్నాడు. అడగవలసినవి ఇంటి దగ్గరే రాసి పట్టుకుపోండి: ఎంత ముక్క తీస్తారు, ఫలితం ఎన్ని రోజులకు, ఆ కాగితం ఎక్కడ తీసుకోవాలి, తర్వాత ఎవరిని కలవాలి. ఆ రోజులు గడిచేదాకా మచ్చ మీద ఏ మందూ, ఏ పసరూ పెట్టకండి. చేసే పని మానకండి. నేను బడికి పోతూనే ఉన్నాను. ఆ పది రోజులు నన్ను నిలబెట్టింది ఆరో తరగతి పిల్లల అల్లరే.

"కత్తి తగిలితే పాకుతుంది" అని బస్టాండులో ఒక పెద్దాయన నాకు చెప్పాడు. మన ఇళ్లల్లో చాలామంది నమ్మే మాట ఇది. నిజం కాదు. ముక్క పరీక్ష వల్ల ఈ జబ్బు పాకదు. ఆలస్యం చేసి, పాకిన తర్వాత ఆసుపత్రికి వస్తాం కాబట్టి కత్తి మీద నింద పడుతుంది.

పదో రోజున ఫలితం వచ్చింది. మెలనోమా. చర్మానికి రంగునిచ్చే కణాల్లో పుట్టే కేన్సరు. అయితే నాది పైపొర దాటలేదు. ఈ జబ్బులో ముఖ్యంగా చూసేది వెడల్పు కాదు, లోతు. ఆ లోతును మిల్లీమీటర్లలో కొలిచే పద్ధతిని 1970లో అమెరికాలో బ్రెస్లో అనే వైద్యుడు చెప్పాడు. నేటికీ అదే కొలత. పైపైన ఉన్నప్పుడు చాలామందికి కోసి తీసేస్తే సరిపోతుంది. లోతుకు దిగితే బిళ్లలకు, ఊపిరితిత్తులకు, మెదడుకు పోతుంది. మా మామూకు, నాకు మధ్య తేడా అదృష్టం ఒక్కటే కాదు, కొన్ని నెలలు. ఆ నెలల్లో నాలుగు నేను నా చేతులారా పారేసుకున్నాను.

మచ్చ చుట్టూ కొంత మంచి చర్మంతో సహా కోసి, తొడ మీది చర్మం తెచ్చి అతికారు. కొన్ని వారాలు మడమ నేల మీద పెట్టలేదు. నమాజు కుర్చీలో చదివాను. ఇప్పుడు కొంచెం కుంటుతాను, గమనించే ఉంటారు. డాక్టర్లు చెప్పిన గడువుకు వెళ్లి చూపించుకుంటున్నాను.

"ఎండకు తెల్లవాళ్లకొచ్చే జబ్బు, మనకెందుకు వస్తుంది?" అని అడుగుతారు. తెల్లవాళ్లకు ఎక్కువ, మనకు అరుదు, నిజమే. కాని మనకు వచ్చినప్పుడు తరచుగా ఎండ తగలని చోటే వస్తుంది. అరికాలు, అరచెయ్యి, గోరు కింద, నోట్లో. జమైకా గాయకుడు బాబ్ మార్లే పేరు మన కుర్రాళ్లకు తెలుసు. 1977లో ఆయన కాలి బొటనవేలి గోరు కింద ఇదే జబ్బు బయటపడింది. అది ఫుట్‌బాల్ ఆటలో తగిలిన దెబ్బే అని మొదట అనుకున్నారు. 1981లో చనిపోయాడు. వయసు 36.

అందుకని ఇవి గుర్తుపెట్టుకోండి. మచ్చ రెండు సగాలు ఒకలా లేకపోవడం, అంచు వంకరగా ఉండటం, ఒకే మచ్చలో రెండు మూడు రంగులు, ఆరు మిల్లీమీటర్లు, అంటే పెన్సిలు వెనక భాగమంత వెడల్పు దాటడం, అన్నిటికంటే ముఖ్యం, మారుతూ ఉండటం. గోరులో కొత్తగా నల్లచార వచ్చి వెడల్పవుతున్నా, ఆ నలుపు గోరు మొదట్లోని చర్మం మీదికి పాకినా చూపించండి. పాదం మీద పుండో, "ఆనె" అనుకున్నదో రెండు నెలలైనా మానకపోతే చూపించండి. చిన్నప్పటి నుండి మారకుండా ఉన్న పుట్టుమచ్చలకు భయపడనక్కరలేదు.

వారానికి ఒకసారి, జుమా స్నానానికి ముందు, అరికాళ్లు వెలుతురులో చూసుకోండి. వంగలేకపోతే కింద అద్దం పెట్టుకోండి. ఇంట్లో పెద్దవాళ్ల పాదాలు పిల్లలు చూడాలి. నూనె రాసే వంకతో చూడండి, వాళ్లకూ సంతోషం.

డబ్బు సంగతి. హైదరాబాదు రెడ్ హిల్స్‌లోని ఎం.ఎన్.జె. కేన్సరు ఆసుపత్రి ప్రభుత్వానిదే. ఆరోగ్యశ్రీలో కేన్సరు చికిత్స ఉంది. కార్డు ఉన్నవాళ్లు వెంట పట్టుకుపోవాలి. కాని డబ్బు కంటే ముందు చాలామందికి కావలసింది తోడు. నాకు బామ్మర్ది ఉన్నాడు. లేనివాళ్ల సంగతి? చీటీ చేత్తో పట్టుకుని బస్టాండు దాకా వచ్చి వెనక్కి తిరిగిపోయేవాళ్లుంటారు. మన సంఘం నుండి ఇద్దరు మనుషులు, ఆడవాళ్లకు తోడుగా ఒక సోదరి, ఇలాంటి రోగి వెంట పట్నం వెళ్లే ఏర్పాటు చేయాలని అధ్యక్షులవారికి నా మనవి. మొదటి పేరు నాది రాసుకోండి. సెలవు పెట్టుకుని వస్తాను.

చివరిగా, మా అమ్మాయి సంబంధం ఏమైందో మీరు అడగకముందే చెబుతాను. ఆపరేషన్‌కు ముందే నేను వెళ్లి అబ్బాయి తండ్రికి మొత్తం చెప్పాను. ఇది అంటుకునే జబ్బు కాదని కూడా చెప్పాను. ఆయన కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "నిఖా రెండు నెలలు వెనక్కి జరుపుదాం. మా బారాత్‌కు మీరు నిలబడి స్వాగతం చెప్పాలి కదా" అన్నారు.

నిలబడే చెప్పాను.