టేకు స్తంభాల వేసవి విడిది



బెంగళూరు వెళ్ళిన మనవాళ్ళు కృష్ణరాజ మార్కెట్లో పూలో గాజులో బేరమాడి, సాయంత్రం బస్సుకు తిరిగి వచ్చేస్తుంటారు. ఆ మార్కెట్‌కు దగ్గర్లోనే, కోట వెంకటరమణస్వామి గుడి పక్కన, రెండంతస్తుల మేడ ఒకటి ఉంది. అదే టిప్పు సుల్తాన్ వేసవి విడిది. మీలో ఎందరు లోపల అడుగుపెట్టారు?

పేరు టిప్పుది గాని, పని మొదలుపెట్టినవాడు తండ్రి హైదర్ అలీ, 1781లో. ఆయన పుట్టింది కోలారు జిల్లా బూదికోటలో. మరుసటి ఏడు, 1782 డిసెంబరులో, ఇంగ్లీషువారితో యుద్ధం నడుస్తుండగా, మన చిత్తూరు దగ్గరి నరసింగరాయనిపేట దండులో కన్నుమూశాడు. మేడ పూర్తయింది 1791లో. ఆ ఏడాది మార్చిలోనే కారన్‌వాలిస్ సేన బెంగళూరు కోటను పట్టుకుంది. 1792 సంధితో ఊరు తిరిగి టిప్పుకు దక్కింది. 1799లో శ్రీరంగపట్నంలో ఆయన యుద్ధంలో పడిపోయాడు. ఇంత శ్రమపడి కట్టుకున్న చల్లని వసారాలో తండ్రీకొడుకులు ఎన్ని వేసవులు గడిపారో మీరే లెక్క వేసుకోండి.

తరువాత ఇంగ్లీషు దొరలు ఆ మేడను కచేరీ చేశారు. 1868లో ఎర్రటి అఠారా కచేరి సిద్ధమయ్యాక దస్త్రాలు అక్కడికి తరలిపోయాయి. ఇప్పుడు కేంద్ర పురావస్తుశాఖ అధీనంలో, కింది గదుల్లో చిన్న ప్రదర్శనశాల ఉంది. టిప్పు పులిబొమ్మ నమూనా ఉంది, అసలుది లండన్‌లో. నన్నడిగితే, చూడవలసింది బొమ్మలు కాదు, రాతి దిమ్మెల మీద నిలబెట్టిన ఆ టేకు స్తంభాలు, వాటి నడుమ కమానులు. దర్బారు సాగిన పైఅంతస్తు బాల్కనీలు చూడటం కూడా మరవకండి.

రాష్ట్రపతిగారి బొల్లారం నిలయం కూడా 2023 మార్చి నుంచి ఏడాది పొడుగునా జనానికి తెరిచారు. ఏలినవారి విడుదులు ఇలా ఒక్కొక్కటే మన కాళ్ళకు అందుతున్నాయి.

మా బడిపిల్లలు ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం. చరిత్ర అంటే ఎక్కడో ఢిల్లీలో జరిగేదని వాళ్ళ నమ్మకం. ఒకసారి ఆ మేడ మెట్ల మీద కూర్చోబెట్టి హైదర్ పుట్టిన ఊరు చెప్పాను. బూదికోట వైపునుంచి వచ్చే పిల్లవాడొకడు లేచి, "సార్, అది మా అమ్మమ్మవాళ్ళ ఊరు!" అన్నాడు. మిగతావాళ్ళందరూ వాడివైపు తిరిగి చూశారు. తిరుగుదారిలో బస్సు కిటికీ పక్క సీటు వాడికే ఇచ్చారు.

సెలవు.